పేరు మరగ్, కానీ పాలు పోశాక మరగొద్దు: హోటల్ సూప్ ఇంట్లో చేసిన కథ

ఈరోజు కెమెరా ముందు ఒక గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. ఇందులో ఉన్నది మరగ్. మన నిజామాబాద్, బోధన్ దిక్కు వలీమా దావత్‌లకు పోయినోళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. దస్తర్‌ఖాన్ ముందు కూర్చోగానే, బిర్యానీ రాకముందే, చిన్న గిన్నెలో తెల్లగా, చిక్కగా, పైన కొత్తిమీర చల్లుకుని ఒకటి వస్తుంది చూడండి, అదే ఇది. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్తా. బొక్కలతో ఉడికించిన మటన్ సూప్‌లో జీడిపప్పు ముద్ద, పాలు, మీగడ పడితే మరగ్. నాన్ ముంచుకుని తింటారు, లేదంటే అట్లనే గిన్నె ఎత్తి తాగేస్తారు.

దీన్ని ఇంట్లో చేయడానికి నాకు మూడుసార్లు పట్టింది. మొదటిసారి విరిగిపోయింది. రెండోసారి సినిమా పోస్టర్లు అతికించే మైదా లై లెక్క అయింది. మూడోసారి కుదిరింది. ఈ మూడుసార్లలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్తాను. ఎందుకంటే యూట్యూబ్‌లో రెసిపీలు బోలెడున్నాయి, కానీ "ఇది ఎందుకు విరుగుతది?" అన్న ముక్క చాలామంది చెప్పరు. మటన్ రేటు మీకు తెలుసు కదా, నేను తెచ్చిన రోజు కిలో 800. రెండుసార్లు పాడుచేశానంటే లెక్క వేసుకోండి.

అసలు ఎందుకు మొదలుపెట్టానంటే, మా నాన్న కోసం.

నాన్నకు 66 ఏండ్లు. పోయిన చలికాలం పళ్లన్నీ తీసేయాల్సి వచ్చింది. చిగుళ్లు పూర్తిగా మానినంక కట్టుడు పళ్లు పెడతాం, రెండు మూడు నెలలు ఆగండి అన్నారు. అప్పటిదాకా మెత్తటివి, పలుచటివి మాత్రమే. జావ, పప్పుచారు, పెరుగన్నం, మళ్లీ జావ. మొదటి వారం బాగానే తిన్నాడు. తర్వాత గిన్నె పక్కకు జరపడం మొదలుపెట్టాడు. "ఆకలి లేదు" అంటాడు, అంతే. నెల తిరిగేసరికి 64 కిలోల మనిషి 59కి వచ్చాడు. అమ్మకు భయం పట్టుకుంది. "ఏం తింటరో అదన్న చెప్పుండ్రి" అని ఒక రాత్రి గట్టిగానే అడిగింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరగ్ తాగుతా" అన్నాడు.

దీనికి వెనక ఒక ముచ్చట ఉంది. నాన్న బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1937లో మొదలైన ఫ్యాక్టరీ అది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా దగ్గర గొప్పగా చెప్పుకునేవాళ్లు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది, ఆ కాల్వ నీళ్లతోనే ఇక్కడ చెరుకు పెరిగింది, ఆ చెరుకుతోనే ఫ్యాక్టరీ నడిచింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. నాన్న అప్పటికి 27 ఏండ్లు చేశాడు. మా చిన్నప్పుడు క్రషింగ్ సీజన్ అయిపోయి చేతిలో నాలుగు పైసలు పడ్డ రోజు, నన్నూ అన్ననూ అమ్మనూ బస్సెక్కించి నిజామాబాద్ తీసుకుపోయేవాడు. ఒక హోటల్‌లో కూర్చోబెట్టి మరగ్ తెప్పించేవాడు. నాకూ అన్నకూ కలిపి ఒక గిన్నె. ఎవరు ముందు తాగాలన్న దాని మీద మేం కొట్టుకునేవాళ్లం. ఏడాదికి ఒక్కసారి. అందుకే ఆయన నోట్లోంచి ఆ పేరు రాగానే మాకెవరికీ ఆశ్చర్యం అనిపించలేదు.

"పార్శిల్ తెస్తే అయిపాయె కదా" అంటారేమో. తెచ్చాను. నిజామాబాద్ నుంచి బోధన్ దగ్గర దగ్గర 25 కిలోమీటర్లు. బండి మీద ప్లాస్టిక్ కవర్లో ఊగుకుంటూ వచ్చేసరికి పైన నూనె ఒక దిక్కు, కింద ముద్ద ఒక దిక్కు. అది సరే, వేడి చేస్తే కొంత కలుస్తుంది. అసలు తిప్పలు ఉప్పుతో వచ్చింది. నాన్నకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టర్ గట్టిగా చెప్పారు. బయట చేసే సూప్‌లో ఉప్పు మన చేతిలో ఉండదు కదా. 27 ఏండ్లు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషికి షుగర్ రాలేదు, బీపీ వచ్చింది. ఈ జోక్ ఆయనదే, నాది కాదు. మొత్తానికి ఇంట్లో చేయాల్సిందే అని తేలింది.

ఇగ మొదటిసారి ఏం చేశానో వినండి. అరకిలో మెత్తటి మటన్, బొక్కలు లేకుండా. నాన్న నమలలేడు కదా, బొక్కలెందుకు అనుకున్నా. కుక్కర్‌లో మూడు విజిల్స్. మూత తీసి ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు, అదీ మూడు రోజుల పుల్ల పెరుగు, గిన్నెడు గుమ్మరించాను. దాని మీద టోన్డ్ పాల ప్యాకెట్ అర లీటర్. రుచి కోసం సగం నిమ్మకాయ పిండాను. చిక్కబడాలని పెద్ద మంట పెట్టాను. రెండు నిమిషాల్లో గిన్నెలో పనీర్ తయారైంది. తెల్ల ముక్కలు ఒక దిక్కు, పచ్చటి తేట నీళ్లు ఒక దిక్కు.

ఇప్పుడు అది ఎందుకట్ల అయిందో చూద్దాం. పాలు తెల్లగా ఉండేదానికి ఒక కారణం కేసిన్ అనే ప్రోటీన్. కంటికి కనపడనంత చిన్న ఉండల్లాగా పాలల్లో తేలుతుంటుంది. ఆ ఉండలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి కాబట్టి పాలు పాలలాగే ఉంటాయి. పులుపు తగిలితే ఆ నెట్టుకునే గుణం పోతుంది, అన్నీ అతుక్కుపోయి ముద్ద కడతాయి. మామూలు పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది, అది 4.6 దాకా దిగితే ముద్ద కట్టడం ఖాయం. కానీ వేడి మీద ఉంటే అంత పులుపు కూడా అక్కర్లేదు, కొంచెం తగిలినా చాలు. నేనేం చేశాను? పుల్ల పెరుగు, నిమ్మరసం, పెద్ద మంట, అన్నీ ఒకేసారి. పనీర్ చేసేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తారు! పాలు విరిగినందుకు నేను బాధపడ్డాను కానీ, అది దాని పని అది చేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పాలల్లో కొవ్వు ఎంత తక్కువుంటే విరిగే ప్రమాదం అంత ఎక్కువ. టోన్డ్ పాలల్లో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలల్లో 6 శాతం. షాపులో దొరికే ఫ్రెష్ క్రీమ్ డబ్బాలో 25 శాతం దాకా ఉంటుంది. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ, అందుకే అది వేడికి అంత తొందరగా విరగదు. నేను చవక పాలు పోసి చిక్కటి సూప్ కావాలన్నాను.

రెండోసారి తెలివిగా చేద్దామనుకుని పెరుగు, నిమ్మకాయ మానేశాను. చిక్కదనం కోసం రెండు పెద్ద చెంచాల మైదా పాలల్లో కలిపి పోశాను. హోటళ్లలో క్రీమ్ ఆఫ్ చికెన్, క్రీమ్ ఆఫ్ టమాట అని ఉంటాయి కదా, అవి వెన్నలో మైదా వేయించి చిక్కబరుస్తారు. చైనీస్ కార్నర్లలో స్వీట్ కార్న్ సూప్ అయితే కార్న్‌ఫ్లోర్ నీళ్లు. ఆ సూప్‌లకు అది సరిపోతుంది. మరగ్‌కు సరిపోదు. పిండి నాలుక మీద పొర కడుతుంది, మసాలా వాసన కిందకి పోతుంది. నాన్న రెండు చెంచాలు తాగి "గొంతుకు అంటుకుంటుంది" అన్నాడు. ఇంకేం అనలేదు. నేను చేసింది కదా అని ఇంకో రెండు చెంచాలు కష్టం మీద తాగాడు. అది చూస్తే నాకు ఇంకా బాధైంది.

మా గోడ పక్కనే ఒక ఖాలా ఉంటారు. మా అమ్మకు 30 ఏండ్ల దోస్తు. బోధన్‌లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ కలిపి మాట్లాడే మనుషులే ఎక్కువ, ఖాలా కూడా అంతే. రెండోసారి మిగిలిన గిన్నె తీసుకుపోయి చూపించాను. చెంచాతో తిప్పి చూసి, "ఇత్తా దూద్ కాయ్‌కు డాలే బేటా? పైలే హడ్డీ కు టైమ్ దేవ్" అన్నారు. ఇన్ని పాలెందుకు పోసినవ్, ముందు బొక్కలకు టైమ్ ఇయ్యి అని. నాకు అక్కడే లైట్ వెలిగింది. నేను చిక్కదనం అంతా పాలల్లో వెతుకుతున్నాను. అది పాలల్లో లేదు.

మరి ఎక్కడుంది? ఫస్ట్ బొక్కల్లో. కీళ్ల దగ్గర, నరాల దగ్గర, కండకూ బొక్కకూ మధ్య తెల్లటి పొరల్లాగా ఉండేదాంట్లో కొలాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. నీళ్లల్లో చాలాసేపు సన్న మంట మీద ఉడికితే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. పాయా తాగినప్పుడు పెదవులు అతుక్కుంటాయి చూడండి, అది జెలటిన్ పనే. మరగ్ గొంతులోకి జారేటప్పుడు నిండుగా అనిపించేది దీనివల్ల. మెత్తటి బొక్కలేని మటన్‌లో ఇది తక్కువ, పైగా మూడు విజిల్స్‌లో కరిగేది కాదు. జపాన్‌లో టోంకొట్సు అని ఒక సూప్ చేస్తారు, పంది ఎముకల్ని గంటల తరబడి గలగలా మరిగిస్తారు. పాలు ఒక్క చుక్క పోయకుండానే అది పాల లెక్క తెల్లగా అవుతుంది. ఎముకల్లోంచి వచ్చిన కొవ్వు చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి, జెలటిన్‌లో ఇరుక్కుని అట్లనే ఉండిపోతుంది. అంటే తెల్లదనం కనిపిస్తే పాలే ఉండాలని లేదు.

రెండోది జీడిపప్పు ముద్ద. జీడిపప్పులో పిండి పదార్థం బాదం కంటే ఎక్కువ. అందుకే రుబ్బి వేడి చేస్తే గ్రేవీ చిక్కబడుతుంది. పైగా అందులోని కొవ్వు, ప్రోటీన్ కలిసి సూప్‌లోని నూనెను విడిపోకుండా పట్టుకుంటాయి. పాలు, మీగడ మూడో స్థానం. అవి చివర్లో నునుపు ఇస్తాయి, కారాన్ని తగ్గిస్తాయి. ఇంటిని బొక్కలూ జీడిపప్పూ కట్టాక, పాలు సున్నం వేస్తాయి అనుకోండి. నేను సున్నంతో గోడ కడదామనుకున్నాను.

ఇక్కడ పేరు గురించి ఒక ముచ్చట. మరగ్ అన్నది అరబ్బీ మాట మరఖ్ నుంచి వచ్చింది, రసం, పులుసు, సూప్ అని అర్థం. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు నిజాం సైన్యంలోకి వచ్చారు. హైదరాబాద్‌లో బార్కస్ అంటాం కదా, అది బ్యారక్స్ అన్న మాటే, వాళ్లుండిన చోటు. అరబ్ వంటకాలు ఈ నేల మీద మసాలాలూ జీడిపప్పూ కలుపుకుని మారిపోయాయి. హలీమ్ కూడా అట్లాంటిదే. అరబ్ దేశాల్లో మరఖ్ పలుచగా ఉంటుంది. మన దగ్గరికి వచ్చి చిక్కబడింది. అయితే తెలుగులో మరగడం అంటే ఉడకడం కదా, పేరు వినగానే గలగలా మరిగించాలనిపిస్తుంది. బొక్కల్ని ఎంతైనా మరిగించండి. పాలు పోశాక మాత్రం మరగొద్దు. ఈ ఒక్క లైన్ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు మూడోసారి చేసిన పద్ధతి చెప్తాను. నలుగురికి సరిపోతుంది.

దుకాణంలో మటన్ తీసుకునేటప్పుడు "సూప్‌కు" అని చెప్పండి. అరకిలోలో సగం గర్దన్, సీనా ముక్కలు, సగం నల్లి బొక్కలు అడగండి. మెత్తటి కండ కంటే ఇదే మంచిది. కడిగి కుక్కర్‌లో వేసి లీటరున్నర చల్లటి నీళ్లు పోయండి. వేడి నీళ్లు కాదు. మూత పెట్టకుండా ముందు ఒక పొంగు రానివ్వండి. బూడిద రంగు నురుగు పైకి తేలుతుంది, దాన్ని గంటెతో తీసి పారేయండి. నేను మొదటి రెండుసార్లు ఇది చేయలేదు, అందుకే రంగు మురికిగా వచ్చింది. ఇప్పుడు రెండు ఉల్లిగడ్డలు పెద్ద ముక్కలుగా, చెంచాడు అల్లం ఎల్లిగడ్డ ముద్ద, నాలుగు పచ్చిమిర్చి, కొత్తిమీర కాడలు వేయండి. ఆకులు కాదు, కాడలు. వాసన వాటిలోనే ఎక్కువ. ఒక చిన్న గుడ్డలో దాల్చినచెక్క, నాలుగు యాలకులు, నాలుగు లవంగాలు, అర చెంచా షాజీర, చెంచాడు మిరియాలు, చిన్న ముక్క రాతిపువ్వు మూటగట్టి వేయండి. రాతిపువ్వు అంటే దుకాణంలో తెలియకపోతే పత్తర్ కా ఫూల్ అని అడగండి. ఎక్కువ వేయొద్దు, చేదెక్కుతుంది.

పసుపు? వేయొద్దు. కారప్పొడి కూడా వద్దు. పసుపు మార్కెట్‌కు దేశమంతా పేరున్న ఊరు మనది, జాతీయ పసుపు బోర్డు ఆఫీసు కూడా 2025లో ఇక్కడే వచ్చింది. అట్లాంటి ఊర్లో కూర్చుని పసుపు వేయొద్దని చెప్పడానికి నాకూ అదోలా ఉంది. కానీ ఈ సూప్ తెల్లగా ఉండాలి, కారం మిరియాల నుంచీ పచ్చిమిర్చి నుంచీ రావాలి. అదే కారణంతో ఉల్లిగడ్డను ఎర్రగా వేయించం, నీళ్లల్లోనే ఉడికిస్తాం.

మూత పెట్టి, ప్రెషర్ వచ్చాక మంట సన్నగా చేసి 40 నుంచి 45 నిమిషాలు వదిలేయండి. విజిల్స్ లెక్కపెట్టకండి, టైమ్ చూసుకోండి. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి పొయ్యి మీద మూడు నాలుగు గంటలు పట్టే పని ముప్పావు గంటలో అవుతుంది. ప్రెషర్ దానంతట అదే దిగనివ్వండి. ముక్క వేళ్ల మధ్య నలిగిపోవాలి.

కొలాజెన్ కరిగిందా లేదా అని ఎట్ల తెలుస్తుంది? ఒక చెంచా నీళ్లు చల్లారనిచ్చి వేలికి రాసుకుని, రెండు వేళ్లు అతికించి విడదీయండి. జిగురుగా సాగాలి. ఇంకా నమ్మకం కావాలంటే ఒక గిన్నెడు ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టండి, పొద్దునకు జెల్లీ లెక్క కదులుతుంది. నేనైతే మూడోసారి ఈ పని ముందురోజే చేశాను. దాంతో ఇంకో లాభం దొరికింది. కొవ్వు పైన తెల్లటి పెంకులాగా గడ్డకట్టింది, నాన్న కోసం సగం తీసేశాను. పూర్తిగా తీయకండి, వాసన అందులోనే ఉంటుంది.

ఈలోపు 20 జీడిపప్పులు, 10 బాదం, ఒక చెంచా సారపప్పు వేడి నీళ్లల్లో అరగంట నానబెట్టండి. బాదం పొట్టు తీయాలి, లేకపోతే గోధుమ చుక్కలు కనిపిస్తాయి. సారపప్పు అంటే మన అడవుల్లో మొర్రి పండ్లుంటాయి కదా, ఆ గింజలోపలి పప్పు. దొరకకపోతే మానేయండి, ఏం గాదు. జీడిపప్పు గుండు అక్కర్లేదు, ముక్కలు చవక, రుబ్బేదానికి ఏదైతేనేం. ఇంకా తగ్గించుకోవాలంటే సగం జీడిపప్పు బదులు కర్బూజ గింజల పప్పు వాడొచ్చు. తెల్ల గ్రేవీల్లో వాడే మగజ్ ఇదే. కుక్కర్‌లోంచి ఉడికిన ఉల్లిగడ్డలు ఏరి, ఈ పప్పులతో కలిపి మిక్సీలో మెత్తగా పట్టండి. వేలి మధ్య రవ్వ తగలకూడదు. అవసరమైతే జల్లెడ పట్టండి. హోటల్‌దానికీ ఇంటిదానికీ తేడా చాలాసార్లు ఈ రవ్వలోనే దొరుకుతుంది.

మసాలా మూట, కాడలు, మిర్చి తీసేసి నీళ్లు వడగట్టండి. లీటరు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. మందపాటి గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేడిచేసి, పప్పుల ముద్ద వేసి సన్న మంట మీద ఐదు నిమిషాలు కలుపుతూనే ఉండండి. ఫోన్ పక్కన పెట్టండి, నిజంగా చెప్తున్నా. జీడిపప్పు ముద్ద అడుగంటితే మొత్తం మాడు వాసన, దానికి మందు లేదు. తర్వాత వడగట్టిన నీళ్లు గంటె గంటెగా పోస్తూ కలపండి. మటన్ ముక్కలు వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి.

ఇప్పుడు పెరుగు, పాలు. మంట పూర్తిగా సన్నగా చేయండి. టీ గ్లాసులో సగం కమ్మటి పెరుగు తీసుకోండి. పుల్లటిది వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బయట పెట్టి, గడ్డల్లేకుండా గిలక్కొట్టండి. గిన్నెలోని వేడి సూప్ ఒక గంటె తీసి ఈ పెరుగులో కొంచెం కొంచెంగా కలపండి. ఇంకో గంటె. పెరుగు గోరువెచ్చగా అయ్యాక దాన్ని తీసుకుపోయి గిన్నెలో పోయండి. అంటే వేడిని పెరుగు దగ్గరికి మెల్లగా తీసుకొస్తున్నాం, పెరుగును తీసుకుపోయి మంటల్లో పడేయట్లేదు. టీ గ్లాసు నిండా ఫుల్ క్రీమ్ పాలు, లేదా బర్రె పాలు, కాచి గోరువెచ్చగా ఉన్నవి ఇట్లనే పోయండి. అప్పటికే సూప్‌లో జీడిపప్పు ముద్దా జెలటిన్ ఉన్నాయి కాబట్టి అవి అడ్డం పడి కేసిన్ ఉండల్ని అతుక్కోనివ్వవు. మొదటిసారి నా సూప్‌లో అడ్డం పడేది ఏమీ లేదు. చివర మూడు చెంచాల మీగడ, ఇంట్లోది అయితే గిలక్కొట్టి వేయండి. అంచుల దగ్గర చిన్న బుడగలు వస్తుంటే పొయ్యి ఆపేయండి. పొంగు రానివ్వొద్దు. పుదీనా, కొత్తిమీర, మిరియాల పొడి చిటికెడు.

ఉప్పు కూడా ఇప్పుడే వేయండి. ముందే వేస్తే నీళ్లు ఇగిరేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది, మనకు లెక్క తప్పుతుంది. చివర వేస్తే తక్కువతో సరిపోతుంది. నేను నాన్న గిన్నెకు మాత్రం చిటికెడు వేసి, మిగతాది మాకు వేరుగా వేశాను. ఉప్పు తగ్గినప్పుడు చప్పదనం తెలియకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పనిచేస్తుంది. అయితే గిన్నెలో పిండండి, పొయ్యి మీదున్న సూప్‌లో కాదు. మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి.

ఇంత చెప్పినా విరిగితే? పూర్తిగా బాగుచేయలేం. మంట ఆపి, ముక్కలు తీసి, సూప్‌ను ఇంకో పది జీడిపప్పులతో కలిపి మిక్సీ పట్టండి. చూడ్డానికి నునుపుగా అవుతుంది, నోట్లో కొంచెం ఇసుక తగిలినట్టు ఉంటుంది. పారేసేకంటే నయం. మిగిలింది మరుసటి రోజు వేడి చేసేటప్పుడు కూడా సన్న మంటే, కుక్కర్‌లో పెట్టి విజిల్ వేయించారో మళ్లీ మొదటికే.

చికెన్‌తో చేయొచ్చా అంటే, చేయొచ్చు. కోడి కాళ్లు, మెడ ముక్కలు వేసుకోండి, జెలటిన్ బాగా వస్తుంది, ఖర్చు చాలా తక్కువ, కుక్కర్‌లో 20 నిమిషాలు చాలు. వెజ్ వాళ్లు గోబిపువ్వును ఉల్లిగడ్డతో మెత్తగా ఉడికించి జీడిపప్పుతో రుబ్బుకుంటే చిక్కదనం వస్తుంది. దాన్ని మరగ్ అని మాత్రం నేను అనలేను, ఖాలా ముందు అస్సలు అనలేను.

హోటల్ రుచి వందకు వంద వచ్చిందా? రాలేదు. పెద్ద దేగ్‌లో కట్టెల మంట మీద పొద్దుటి నుంచి ఉడికేదాని వాసన గ్యాస్ పొయ్యి మీద రాదు. ఒక దేగ్‌లో పడే బొక్కలన్ని మన కుక్కర్‌లో పట్టవు. చిక్కదనం మాత్రం వచ్చింది. ఆ నునుపు వచ్చింది.

మూడోసారి ఖాలా గిన్నె ముందు పంపించాను. కాసేపటికి ఖాళీ గిన్నె కడిగి తిప్పి పంపారు, అందులో నాలుగు ఖర్జూరాలు పెట్టి. బాగుందనే అనుకున్నాను. నాన్నకు మటన్ ముక్కల్ని రోట్లో వేసి దంచి, సూప్‌లో కలిపి ఇచ్చాను. మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. మొదటి చెంచా తాగి టీవీ సౌండ్ తగ్గించాడు. చెంచా పక్కన పెట్టి గిన్నె ఎత్తాడు. అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది, నన్ను మోచేత్తో పొడుస్తోంది. గిన్నె అయిపోయాక మూతి తుడుచుకుని, "ఇంకొంచెం ఉందా?" అని అడిగాడు. నేను వంటింట్లోకి పోతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచాడు.

"ఉప్పు తక్కువైంది రా."